రెండో గిన్నె

నేను బ్లాగు రాస్తానంటే ఈ రోజుల్లో జనం నన్ను జాలిగా చూస్తారు. "ఇంకా ఉన్నయా బ్లాగులు?" అని అడుగుతారు. ఉన్నాయి. కనీసం ఒకటి ఉంది, అది నాది. తెలిసినవాళ్ళంతా వీడియోలకు వెళ్ళిపోయారు. వంట చేసేవాళ్ళు గరిటె పట్టుకుని, సేద్యం చేసేవాళ్ళు ట్రాక్టరెక్కి మాట్లాడేస్తున్నారు. నేను మాత్రం మణుగూరు గనుల పక్కన ఒక క్వార్టర్‌లో, వంటింటి గడపకు ఆనుకుని కూర్చుని, ఫోన్‌లో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ రాస్తాను. మొండిదాన్నని ఇంట్లో పేరు. ఆ పేరు నాకు ఇష్టమే.

రాసేవి పెద్ద విషయాలేమీ కావు. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు మా అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఇంట్లోకి వస్తుందో. పినపాక నుంచి ఆటోలో వస్తుంటే ఒక మలుపు దగ్గర ఇప్పపువ్వు వాసన ఉన్నట్టుండి ఎలా తగిలి, తర్వాతి మలుపులో ఎలా మాయమవుతుందో. మా క్వార్టర్ల లైన్లో ఒక ఇంట్లో కరీంనగర్ మాట, పక్కింట్లో నల్లగొండ మాట, ఎదురింట్లో సత్తుపల్లి వైపు 'అండీ'. ఈ మూడూ కలిసి కూరగాయల బండి దగ్గర బేరమాడితే బండివాడి మొహం ఎలా ఉంటుందో అదీ రాస్తాను. చదివేవాళ్ళు తక్కువే. కానీ ఏ దుబాయిలోనో ఉన్న అమ్మాయి చదివి "అక్కా, మా లైను యాదికొచ్చింది" అని కింద ఒక ముక్క రాస్తే, ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద ఉండవు. దాచుకోవడం ఎందుకు, నా రాత మీద నాకు గర్వమే.

మా ఆయన ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. బొగ్గు మీద ఉన్న మట్టిని తీసుకెళ్ళి అవతల గుట్టగా పోయడం ఆయన డ్యూటీ. "నేను రోజంత మట్టి మోస్త, బొగ్గు మొఖం చూసేది ఎప్పుడో ఒకసారి. నీ బ్లాగు గూడ గంతే" అని ఏడిపిస్తుంటాడు. "మట్టి తియ్యకుంటే బొగ్గు ఎట్ల దొర్కుతది?" అని నేనూ ఊరుకోను. ఈ వాదన మా ఇంట్లో వారానికోసారైనా జరగాల్సిందే.

అత్తమ్మది ఇంకో దారి. ఆమెకు చదువు రాదు. ఇంటికి ఎవరొచ్చి "మీ కోడలు ఏం జేస్తున్నది?" అని అడిగినా ఒకటే జవాబు: "ఏం జేస్తది, ఫోన్ నొక్కుతది." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నా బ్లాగులో సగానికి సగం ఆమె గురించే. ఆమె పచ్చడి కలిపే తీరు, ఆమె తిట్లు, ఆమె నిద్రపోతూ కూడా చెంగు సర్దుకోవడం. తన గురించి ఇంత రాసిన మనిషిని పట్టుకుని నొక్కుతది అంటే కోపం రాదా మరి.

అత్తమ్మది కూసుమంచి దగ్గర ఒక పల్లె. బతుకంతా మిరప చేలల్లోనే గడిచింది. మామయ్య పోయాక మా దగ్గరికి తీసుకొచ్చాం. కొత్తలో ఆమె ఈ క్వార్టర్లలో ఇమడలేకపోయింది. చేయడానికి పని లేదు, గడప దాటితే తెలిసిన మొహం లేదు. "ఈడ మనుషులు గేట్ల లెక్క ఉన్నరు, ఎప్పుడు సూడు మూసే ఉంటరు" అని ఒకరోజు అంది. తిండి తగ్గింది, మాట తగ్గింది. మా ఆయన భయపడి దవాఖానాకు కూడా తీసుకెళ్ళాడు. ఆమెను మళ్ళీ మనిషిని చేసింది మాత్రం మందులు కాదు, వడ్లు.

భద్రాచలం రాములవారి కల్యాణానికి గోటి తలంబ్రాలు పంపడం మా లైన్లో ఆనవాయితీ. వడ్లను దంచకూడదు, మిల్లు పట్టించకూడదు. ఒక్కో గింజనూ గోటితో ఒలిచి, ముక్క కాని బియ్యాన్ని మాత్రమే పంపాలి. గనిలో రిటైరైన ఒకాయన భార్య ఈ పనంతా నడిపిస్తుంది. లైనంతా ఆమెను పెద్దమ్మ అంటుంది. ఇంటింటికీ చిన్న గుడ్డ సంచిలో వడ్లు పంచేదీ ఆమే, నవమి దగ్గరపడ్డాక బియ్యం పోగుచేసేదీ ఆమే. ఆడవాళ్ళు ఇంటి పనులు తీరాక స్నానం చేసి, ఆమె వరండాలో చేరి, రామ రామ అనుకుంటూ ఒలుస్తారు. మధ్యలో బ్లాస్టింగ్ సైరన్ మోగితే అందరి చేతులూ ఒకేసారి ఆగుతాయి. దుమ్ము పడకుండా కొంగులు లాగి గిన్నెల మీద కప్పుతారు. ఆ సంగతి నేను ఎన్నిసార్లు రాశానో, ఇంకా రాస్తూనే ఉంటాను.

ఒకరోజు పెద్దమ్మ మా గడప దగ్గర ఆగి, అత్తమ్మ చేతిలో ఓ సంచి పెట్టి, "వదినె, నువ్వు గూడ రా" అంది. అంతే. ఆ మధ్యాహ్నం నుంచి అత్తమ్మకు అక్కలు, చెల్లెళ్ళు, వదినెలు తయారయ్యారు. కొన్నాళ్ళకు ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో నాకంటే ముందు ఆమెకే తెలిసేది. ఆ వరండాలో చోటు దొరకడమంటే ఆమెకు ఈ ఊళ్ళో చోటు దొరకడమే.

చిక్కల్లా ఆమె గోళ్ళతోనే. మిరపకాయలు ఏరి ఏరి అవి అరిగిపోయాయి, వేళ్ళ చివర్లు పగిలాయి. వరండాలో ఒలిచినంత ఒలిచి, గోటికి లొంగని గింజలను కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. ఇంట్లో కూర్చుని వాటిని ఒక్కొక్కటే ముందు పళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కి ఊక తీస్తుంది. దేవుడి పేరు మీద ఇచ్చిన వడ్లు, పారేయడానికి చేతులు రావు. అయితే పంటితో తీసిన గింజ మాత్రం తలంబ్రాల గిన్నెలోకి పోదు. పక్కన ఇంకో చిన్న స్టీలు గిన్నె ఉంటుంది, అందులోకి పోతుంది.

ఈ ఏడాది నవమి ముందు ఒకరోజు అడిగాను.

"ఎందుకత్తమ్మా రెండు గిన్నెలు?"

ఆమె తల కూడా ఎత్తలేదు.

"గోటికి వచ్చింది దేవునికి, పంటికి వచ్చింది మనకు."

ఈ మాట విన్నాక నా చేయి ఊరుకుంటుందా. పొయ్యి మీద పప్పు మాడినా లేవలేదు. అక్కడే కూర్చుని రాసేశాను. "గోరు ఓడిన గింజకు మా అత్తమ్మ పన్ను చూపిస్తుంది" అని మొదలుపెట్టాను. మొదటి పేరాలో మిరపకాయలకు అరిగిన గోళ్ళు, వడ్లూ పన్నూ. రెండో పేరాలో రెండో గిన్నె, ఆమె అన్న మాట. చివర్లో ఆ గిన్నెలో బియ్యంతో మేం ఏటా వండుకునే పాయసం. ఆమె పన్ను తగిలిన గింజలని తెలిసే తింటున్నానని, చిన్నప్పుడు అమ్మ కొరికి ఇచ్చిన జామకాయ తినలేదా అని ముగించాను. చదువుకుని చూస్తే ఒక్క మాట తీయాలనిపించలేదు. అలా అనిపించే రోజులు నాకు ఎక్కువగా రావు.

నా బ్లాగు చదివేవాళ్ళు తక్కువని చెప్పాను కదా. సగం చదివేవాళ్ళు మాత్రం ఎక్కువని అప్పుడే తెలిసింది. ఎవరో మొదటి పేరా వరకు స్క్రీన్‌షాట్ తీసి, "ఇది మన లైన్‌దేనా?" అని రాసి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేర్లు నేనెప్పుడూ రాయను. రాయకపోతే మాత్రం ఏం, మిరప చేలల నుంచి వచ్చిన అత్తమ్మ మా లైన్లో ఇంకెవరున్నారు. మధ్యాహ్నానికి అందరి ఫోన్లలో ఆ పన్నే ఉంది.

మర్నాడు పెద్దమ్మ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అత్తమ్మ గిన్నెలో గింజలు చూస్తూ మెల్లగా అంది.

"మనసుల పెట్టుకోకు వదినె. ముచ్చట నలుగుట్ల పడ్డది. ఎంగిలి బియ్యం పంపిన్రని రేపు ఎవలన్న అంటే లైను బియ్యమంత వాపస్ వస్తయ్. ఈ ఏడు మీయి వద్దులే."

అత్తమ్మకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"పెద్దమ్మా, నేను రాసింది మొత్తం సదివినవా?"

"నా కండ్లకు గవి ఆనయ్ బిడ్డా. మా కోడలు సదివింది."

"ఆమె మొత్తం సదివిందా?"

"గ్రూపుల వచ్చినంత సదివింది."

రెండో గిన్నె సంగతి చెప్పాను. చూపించాను కూడా. పెద్దమ్మ అబద్ధాల మనిషి కాదు, ఒప్పుకుంది. "నువ్వు జెప్తే నేను నమ్ముత బిడ్డా. లైను నమ్మద్దా?" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ వరండాకు వెళ్ళలేదు. రోజూ వెళ్ళే వేళకు స్నానం చేసి, చీర మార్చుకుని, మా గుమ్మంలోనే కూర్చుంది. అటు నుంచి ఆడవాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరూ పిలవలేదు. కొత్తగా వచ్చిన రోజుల్లో ఉన్న మొహమే మళ్ళీ వచ్చింది ఆమెకు. అది చూసి నాకు వంట చేయబుద్ధి కాలేదు.

మొదటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన సంగతంతా విని ఒకటే మాట అన్నాడు.

"తీసెయ్యి. ఏందిప్పుడు, గా పన్ను లైను ఒక్కటి తీసేస్తే అయిపాయె."

"తియ్య."

"అమ్మ మొఖం సూడు."

"సూస్తనే ఉన్న. నిజం రాసి తీసేస్తే అది అబద్ధం రాసినట్టే అవుతది. అప్పుడు అందరు గట్లనే అనుకుంటరు."

ఆయన బూట్లు విప్పుకోవడంలో పడ్డాడు. బ్లాగు కింద వచ్చిన కామెంట్లు అత్తమ్మకు చదివి వినిపిద్దామని చూశాను. దూరంగా ఉన్న పాఠకులు ఒకరిద్దరు మంచిగానే రాశారు. అడవిలో ఒక ముసలితల్లి కొరికి చూసి పెట్టిన పండ్లు రాముడు తినలేదా, ఈ అత్తమ్మా అంతే కదా అన్నారు. ఈ మాటతో ఆమె కుదుటపడుతుందనుకున్నాను. గయ్‌మని లేచింది.

"ఆమె సంగతి ఆమెది. తియ్యగ ఉన్నయా లేవా అని సూసిచ్చింది, ఆమెకు గంతే తెలుసు. నాకు తెలుసు గద ఎంగిలి అని. తెలిసి ఎట్ల పెడ్త? నేను పెట్టలే." నా వైపు తిరిగింది. "అసలు నువ్వేం రాసినవ్? నాకు సదివి ఇనిపియ్యి."

ఇన్నేళ్ళలో ఆమె అడగడం అదే మొదటిసారి. తెలియనివాళ్ళు చదువుతుంటే లేని బెదురు, ఎదురుగా ఆమె కూర్చుని వింటుంటే వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. పాయసం దగ్గర ఆమె చూపు కిందికి దించుకుంది. అయిపోయాక "మళ్ల సదువు" అంది. మళ్ళీ చదివాను.

"గోడకు ఆనుకున్న అని రాసినవ్. నేను తలుపుకు ఆనుకున్న."

"మారుస్త అత్తమ్మా."

"మిగిలిందంత ఉన్నదున్నట్టే ఉన్నది. ఇందుల భయపడేది ఏమున్నది?" రెండు గిన్నెలూ చేతిలోకి తీసుకుంది. "పా. అందరి ముందట సదువు."

మర్నాటి దాకా ఆగుదామన్నాను. వినలేదు. ఆమె ముందు, నేను వెనక. వరండాలో అందరూ ఉన్నారు, నవమి దగ్గరపడిందని సాయంత్రం కూడా ఒలుస్తున్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆగిపోయాయి. అత్తమ్మ తన పాత చోటుకే వెళ్ళి కూర్చుని, రెండు గిన్నెలూ ముందు పెట్టుకుంది.

"మా కోడలు రాసింది సగమే సూసిన్రట మీరు. మిగిలిన సగం గూడ ఇనున్రి. ఇన్నంక వద్దంటే లేచి పోత."

నిలబడే చదివాను. మొదటి పేరా వాళ్ళకు తెలిసిందే కాబట్టి ఎవరూ కదల్లేదు. రెండో గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఒకామె మెడ చాచి ఆ గిన్నెలోకి చూసింది. "గోటికి వచ్చింది దేవునికి, పంటికి వచ్చింది మనకు" అన్నప్పుడు పెద్దమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. పాయసం దాకా చదివి ఫోన్ దించాను.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె, నోట్లో నాలుగు పళ్ళున్న మనిషి, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"ఇంకో గిన్నె పెట్టుకోవాలెనా? గా ఉపాయం నాకు రాకపాయె."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఆమె వైపే తిరిగారు.

"అంటే ఏందవ్వా?" అంది పెద్దమ్మ.

"నా గోళ్లు మాత్రం మంచిగున్నయా? నేను గూడ ఇంట్ల కొరికే తీసిన." తల వంచుకుని, మళ్ళీ ధైర్యం తెచ్చుకుంది. "ఉత్తగ కొరకలే. కొంగు సుట్టి కొరికిన. కాకెంగిలికి తప్పు లేదంటరు గద."

"రాములవారేమన్న బడిపిల్లగాడా అవ్వా, కాకెంగిలి తినెతందుకు?" అంది పెద్దమ్మ.

ముందు నవ్వింది మా అత్తమ్మే. ఆ తర్వాత వరండా అంతా నవ్వింది. నవ్వు తగ్గేలోపు ఎదురింటామె "నిజం చెప్పొద్దూ, నేనూ ఒకట్రెండు..." అని నసిగింది. ఇంకొకామె తన గిన్నెను మెల్లగా వెనక్కి జరిపింది. అంతవరకూ మా అత్తమ్మను తప్పుపట్టిన లైనంతా కొంగు చాటున కొరుకుతూనే ఉందన్నమాట. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గెలిచినందుకే అనుకున్నాను ముందు. కాదు. వాళ్ళు కూడా మా ఇంటి మనుషులే అనిపించింది.

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళింది. అన్ని ఇళ్ళ బియ్యమూ కలిపి ఉంచిన ఇత్తడి బిందె మోసుకొచ్చి మధ్యలో పెట్టింది. అందులోకి కాసేపు చూసింది. ఇన్నాళ్ళ కష్టం అది. ఏ గింజ గోటిదో, ఏ గింజ పంటిదో ఇక తేల్చేదెవరు.

"ఇవి లైనందరికి పాయసం" అంది. బిందె బోర్లించి బియ్యమంతా ఒక బట్టలో పోసి మూట కట్టింది. ఖాళీ బిందెను కడిగి తుడిచి తెచ్చి మా అత్తమ్మ ముందు పెట్టింది. "అనుమానం లేని గింజలు నీ ఒక్కదానియే వదినె. ముందు నీయి పొయ్యి. మిగిలిన రోజులల్ల మేం ఎన్ని ఒలిస్తే అన్ని."

అత్తమ్మ పెద్ద గిన్నె ఎత్తి పోసింది. బిందె అడుగు కూడా నిండలేదు. కానీ అవి పడ్డ చప్పుడు నేను విన్నాను. తర్వాత పెద్దమ్మ వంటింట్లోంచి చిన్న చిన్న స్టీలు గిన్నెలు తెచ్చి ఒక్కొక్కరి ముందూ ఒకటి పెట్టుకుంటూ వెళ్ళింది. తన సంగతి ఏమీ చెప్పలేదు. చివరి గిన్నె మాత్రం తన ముందు పెట్టుకుంది.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన చాలాసేపు నవ్వాడు. "ఇయ్యాల బొగ్గు తగిలింది నీకు" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడానికి ఎంత మట్టి మోశానో నాకే తెలుసు. ఆ రోజే గోడను తలుపుగా మార్చాను. మొదటి వాక్యం అలాగే ఉంది, పన్నుతో సహా. ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.

నవమికి లైనంతా కలిసి బస్సులో భద్రాచలం వెళ్ళాం. ఆ జనంలో మాకు దొరికిన చోటు చాలా వెనక, అక్కడి నుంచి కనిపించేది కల్యాణం చూపించే పెద్ద టీవీ తెర మాత్రమే. తలంబ్రాలు పోస్తున్నప్పుడు అత్తమ్మ మోకాళ్ళ మీద లేచి నిలబడింది. పక్కన దమ్మపేట నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. అంతకుముందు పరిచయం లేదు. అత్తమ్మ ఆమె భుజం తట్టింది.

"అండ్ల మాయి గూడ ఉన్నయ్."

"మీరే ఒలిచారా అండీ?"

"అవ్. గోటికి వచ్చినయ్ ఆయనకు పంపినం. పంటికి వచ్చినయ్ మేం దిన్నం."

ఆవిడకు అర్థం కాలేదు, మర్యాదకు నవ్వింది. ఇలా చెబితే లాభం లేదని అత్తమ్మ నా చేయి పట్టుకుని ముందుకు లాగింది.

"గది పెద్ద ముచ్చట. ఈమెను అడుగు, మొత్తం చెప్తది. మా కోడలు. రాస్తది."

ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో నేను చూడలేదు. కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది.